ఆపితే ఆగాలి

ఇప్పటి కుర్రాళ్లకు కరెంటంటే భయం లేదు. అదేదో చదువుకున్నందువల్ల వచ్చిన ధైర్యం అనుకుంటున్నారు. మా రోజుల్లో బాలానగర్ షెడ్డుల్లో ప్యానెల్ వైరింగు నేర్చుకోడానికి వచ్చినవాడికి అన్నిటికంటే ముందు సప్లై ఆపడం నేర్పేవాళ్లు. మెయిన్ కిందికి లాగాలి. మూడు కిట్‌క్యాట్ ఫ్యూజులూ ఊడబెరికి ఆ పింగాణీ ముక్కల్ని చొక్కా జేబులో వేసుకోవాలి. టెస్టరు పెట్టి చూడాలి. టెస్టర్ని నమ్మకూడదు కాబట్టి టెస్ట్ ల్యాంపు కూడా పెట్టి చూడాలి. ఆ తర్వాతే లోపల చెయ్యి. మా మేస్త్రి బీడీ ముట్టించుకుంటూ వెనక నుంచి ఒకే ఒక్క మాట అడిగేవాడు: "ఫ్యూజులు యాడున్నయ్ రా?" జేబు తట్టి గలగలలాడించి చూపించాలి. "బల్ల మీద పెట్టిన మేస్త్రీ" అన్నవాడు ఆ పూటకి చాయ్ తెచ్చే డ్యూటీకి పోవాల్సిందే. బల్ల మీద ఉన్నదాన్ని ఎవడైనా తెచ్చి మళ్లీ పెట్టేస్తాడు. జేబులో ఉన్నదాన్ని పెట్టాలంటే నన్ను అడగాలి.

ఈ సంగతి చెబితే మా అబ్బాయి, "దాన్ని ఇక్కడ లాకౌట్ ట్యాగౌట్ అంటారు నాన్నా. ఫ్యాక్టరీల్లో 1989 నుంచి రూలుంది" అన్నాడు. సంతోషం. మరి అంత రూలు తెలిసినవాడు తన గ్యారేజీలో చేస్తున్నదేమిటి?

డెట్రాయిట్ శివార్లలో వాడి ఇల్లు. గ్యారేజీలో రెండు కార్లు పట్టే చోటుంది, కార్లు మాత్రం మంచులో బయటే తడుస్తుంటాయి. లోపల మూడు పెద్ద స్టీలు కాగులు, రెండు పంపులు, గొట్టాలు, బార్లీ మాల్టు బస్తాలు. వాడు బీరు కాస్తాడు. కాగుల్ని కరెంటు హీటరుతో కాచడానికి ఇప్పుడొక ప్యానెల్ కడుతున్నాడు. మా ఆవిడ మొదటిసారి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. 1995లో మద్యనిషేధం వచ్చిన రోజున వీధిలో కొబ్బరికాయ కొట్టిన మనిషి ఆవిడ. "పోలీసులు రారట్రా?" అంది. రారట. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఈ దేశంలో ఇంట్లో బీరు కాచుకోవడానికి పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరుంటే 200, అంటే 750 లీటర్ల పైమాటే. అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా దీనికీ ఒప్పుకోలేదట. మన దగ్గరైతే ఎక్సైజువాళ్లు కాగుల్తో సహా జీపెక్కించేవాళ్లు. తాటిచెట్టు మీది కుండలో కల్లు దానంతటదే పులుస్తుంది, దానికి ప్యానెల్ అక్కర్లేదు కదా అని నేనంటే, మా ఆవిడ నన్ను కూడా కొడుకు జాబితాలోనే వేసింది.

బీరుకి ఇంత హంగామా ఎందుకో కొంతకాలం నాకు బోధపడలేదు. వాడు కూచోబెట్టి చెప్పాడు. మరపట్టిన మాల్టుని వేడినీళ్లలో గంటసేపు నానబెడతారు. ఆ గంటా నీళ్లు 65, 68 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. గింజలోని ఎంజైములు పిండిని చక్కెర చేస్తాయి. 63 దగ్గర ఉంచితే బీరు పల్చగా, తీపి లేకుండా వస్తుంది. 70 దగ్గరైతే చిక్కగా వస్తుంది. 80కి పోయిందా, ఎంజైములు చచ్చి ఊరుకుంటాయి. ఆ రసాన్ని ఇంకో కాగులోకి తోడి, హాప్స్ వేసి మరో గంట తెర్లకాస్తారు. చల్లార్చి ఈస్టు కలుపుతారు. రెండు మూడు డిగ్రీలకే రుచి మారిపోయే వంట ఇది. సరే, ప్యానెల్ కావాల్సిందే.

పక్కింటి అమెరికా ముసలాయన ఇది కూడా ఒప్పుకోడు. ఆయన 80లలో మొదలుపెట్టినవాడు. డబ్బాలో వచ్చే మాల్టు పాకం తెచ్చి వంటింటి పొయ్యి మీద పెద్ద గిన్నెలో కాచేవాడట. ఒకసారి పొంగి పొయ్యంతా జిగటై, వాళ్లావిడ గిన్నెతో సహా బయటికి పంపింది. అప్పుడు టర్కీ కోళ్లని నూనెలో వేయించే ప్రొపేన్ బర్నరు ఒకటి కొని వాకిట్లో పెట్టుకున్నాడు. చేతిలో థర్మామీటరు, నెత్తిన ఉన్ని టోపీ, మంట పెంచుతూ తగ్గిస్తూ మంచులో నిలబడేవాడు. ఆ బర్నర్ని తలుపు మూసిన గ్యారేజీలో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌కి మనుషులే పోతారు, అందుకని గడ్డకట్టే చలైనా బయటే. మా ఇద్దరికీ భాష సగమే కలుస్తుంది గాని ఫిర్యాదులు పూర్తిగా కలిశాయి.

ప్యానెల్ సామానంతా ఒక అట్టపెట్టెలో వచ్చింది. ఎవరూ చేత్తో ముట్టి చూసి కొన్నది కాదు. ట్రూప్ బజారులో కాంటాక్టరు కొంటే కొట్టువాడి ముందే నొక్కి చూసేవాళ్లం, మూడు కాంటాక్టులూ ఒక్కసారే తగులుతున్నాయా, స్ప్రింగు సరిగా ఎగదంతోందా అని. ఇక్కడ నక్షత్రాలు లెక్కపెట్టి కొంటారు. తలుపుకి బటన్ల కన్నాలు వేసేటప్పుడు మాత్రం నాకు అసూయ కలిగింది. 22 మిల్లీమీటర్ల పుష్‌బటన్ కన్నం వెయ్యాలంటే మేము వృత్తం గీసి, దాని వెంబడి సన్న డ్రిల్లుతో వరసగా పొడిచి, మధ్య రేకు ఉలితో కొట్టేసి, హాఫ్ రౌండ్ ఆకురాయితో రాసి రాసి గుండ్రం చేసేవాళ్లం. వీళ్ల దగ్గర మెట్లు మెట్లుగా ఉండే డ్రిల్ బిట్టుంది. నేను కళ్లజోడు తుడుచుకునేలోగా కన్నం పడింది. దాన్ని నేను తిట్టను.

తిట్టాల్సింది తర్వాత వచ్చింది. వైరింగు సాయానికి మా వాడి స్నేహితుడొకడు, విజయవాడ కుర్రాడు, వచ్చాడు.

"డ్రాయింగేది బాబూ?" అన్నాను.

"వీడియో ఉందంకుల్."

వీడియో! అమ్మోనియా కంపు కొట్టే ప్రింటు గోడకి తగిలించుకుని పనిచేసినవాణ్ణి నేను. డ్రాయింగులో ప్రతి తీగకీ ఒక నంబరు. తీగ రెండు కొసలకీ ఆ నంబరున్న ఫెర్రూల్ తొడగాలి. ఇక్కడ 17 అయితే అక్కడా 17. తీగలన్నీ సాపుగా వంచి, మైనపు దారంతో బెత్తెడుకో ముడి వేసి కట్టాలి. చివరికి ఆ ప్రింటు ఇంకో కాపీ మడిచి తలుపు లోపలి జేబులో పెట్టేవాళ్లం. ఎందుకంటే పదేళ్ల తర్వాత ఏ అర్ధరాత్రో మోటారు ఆగిపోతే, మా ముఖం ఎన్నడూ చూడనివాడొకడు టార్చిలైటు పట్టుకుని ఆ తలుపు తెరుస్తాడు. వాడికి మేమేం చేశామో తెలియాలి. ఈ వీడియోలో ఆ మనిషి కీలకమైన తీగ బిగించే చోట సరిగ్గా అతని ముంజెయ్యే అడ్డొచ్చింది. ఏ టెర్మినల్లో పెట్టాడో కనబడలేదు. మావాళ్లు వెనక్కి తిప్పి నాలుగుసార్లు ఆ ముంజెయ్యినే చూశారు. "ఇంకో వీడియో చూద్దాం అంకుల్" అన్నాడు కుర్రాడు. ఇంకో వీడియోలో ఇంకో ప్యానెల్ ఉంటుంది కదయ్యా!

కాగితం తెప్పించి నేనే గీశాను. గీస్తుంటేనే రంగుల గొడవ వచ్చింది. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. చిన్నప్పటి నుంచి నల్ల తీగంటే ఇంట్లో మనిషి. ఈ దేశంలో నలుపే ఫేజు! ఎరుపు రెండో ఫేజు, తెలుపు న్యూట్రల్. నాలాంటివాడు వచ్చి అలవాటు కొద్దీ నలుపుని ముట్టుకుంటే అంతే సంగతులు. పైగా సైజుల లెక్క తలకిందులు. మేము మొదట్లో 3/20, 7/20 అనేవాళ్లం, తర్వాత చదరపు మిల్లీమీటర్లు వచ్చాయి. రెండింట్లోనూ లెక్క పెరిగితే రాగి పెరుగుతుంది. వీళ్ల గేజీలో నంబరు తగ్గేకొద్దీ తీగ లావు. 10 గేజి తీగ అంటే మన లెక్కలో ఐదుంబావు చదరపు మిల్లీమీటర్లు. హీటరు 5500 వాట్లు, 240 వోల్టులు, కాబట్టి 23 ఆంపియర్లు. 30 ఆంపియర్ల బ్రేకరు మీద గంటల తరబడి నడిచే లోడు 24 దాటకూడదని వీళ్ల నియమం. 23 అందులో ఇమిడింది. ఆ నియమం రాసినవాడెవడో గాని, మా మేస్త్రి దగ్గర పనిచేసి ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ప్యానెల్లో హీటర్ని ఆన్ ఆఫ్ చేసేది సాలిడ్ స్టేట్ రిలే. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద నల్ల ముక్క. అందులో కదిలేది ఏదీ లేదు. పైన తలుపు మీద పీఐడీ కంట్రోలరు కాగులోని సెన్సరుని చూస్తూ, 67 కావాలంటే 67 దగ్గర నిలబెట్టడానికి రెండేసి సెకన్లకోసారి ఈ ముక్కకి చిన్న డీసీ వోల్టేజీ ఇస్తూ తీస్తూ ఉంటుంది. సెన్సరు కూడా ముచ్చటైనది. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, నీళ్లు మరిగే చోట 138న్నర ఓములు, అందుకే దాన్ని పీటీ 100 అంటారు. మా కాలపు థర్మోస్టాటు ఐదు డిగ్రీలు పడిపోయేదాకా నిద్రపోయేది. కాంటాక్టర్ని రెండు సెకన్లకోసారి కొట్టిస్తే దాని కాంటాక్టులు త్వరలోనే మసైపోతాయి. కనుక వేడిని అదుపులో పెట్టడానికి ఆ నల్ల ముక్కే సరైనది. అంతవరకు పేచీ లేదు.

కానీ దాన్ని స్విచ్చి అంటున్నారు చూడండి, అక్కడే నాకు మండుతుంది. స్విచ్చి అంటే రెండు లోహాలు విడిపోయి మధ్యలో గాలి నిలబడాలి. మా కాంటాక్టరు పడిపోతే ఠక్కుమని షెడ్డంతా వినిపించేది. ఆపామని చెవికి తెలిసేది. ఈ ముక్క ఆపినా లోపల కొద్దిగా కారుతూనే ఉంటుంది. లోడు తీసేసి మీటరు పెడితే ఆఫ్‌లో కూడా వోల్టేజీ నిండుగా చూపిస్తుంది. ఇరవై మూడు ఆంపియర్లు నడుస్తుంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరనంత వేడి పుట్టిస్తుంది, కాబట్టి దానికి వెనక రెక్కల అల్యూమినియం దిమ్మ, మధ్యలో తెల్ల పేస్టు తప్పనిసరి. ఆ వేడి తట్టుకోలేక పోయినప్పుడు ఎలా పోతుందనుకున్నారు? చాలాసార్లు షార్టయి పోతుంది. అంటే చచ్చాక ఆగిపోదు, పూర్తిగా ఆన్‌లో ఉండిపోతుంది. తలుపు మీద అంకెలు ఆఫ్ అంటాయి, కాగులో రసం కుతకుతలాడుతుంది. కాగు ఖాళీ అయితే హీటరే కాలిపోతుంది.

ఇంతటితో అయిపోలేదు. మన ఇంట్లో 230 వోల్టులంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఫేజు కోస్తే చాలు. ఇక్కడ 240 అంటే రెండు వైపులా ఫేజే, ఒక్కొక్కటి భూమికి 120 వోల్టులు. చౌక కిట్లలో ఒకే నల్ల ముక్క పెట్టి ఒక వైపే కోస్తున్నారు. రెండో తీగ హీటర్లోకి దర్జాగా వస్తూనే ఉంటుంది. దీపం ఆరింది, అంకె సున్నా అయింది, అయినా కాగులో మునిగిన హీటరు దాకా 120 వోల్టులు కూచుని ఉన్నాయి. ఆ కాగు కడగడానికి మా వాడు తడి చేతుల్తో వెళ్తాడు.

"కాంటాక్టరు పెట్టు. రెండు పోల్స్‌ది. ముందు అది, తర్వాత నీ నల్ల ముక్క" అన్నాను.

"పీఐడీలో ఆఫ్ బటనుంది కదా నాన్నా."

"ఫ్యూజులు యాడున్నయ్ రా?" అన్నాను. వాడికి తెలుగులో తెలంగాణ యాస కొత్త కాదు గాని, ఆ స్వరం కొత్త. కాంటాక్టరు ఆర్డరు పెట్టాడు.

ఎమర్జెన్సీ బటను దగ్గర ఇంకో వింత చూశాను. ఎర్రటి మష్రూమ్ బటను, మా ప్యానెళ్లలో లాంటిదే. మాది కొడితే కాయిల్ సప్లై తెగి కాంటాక్టరు పడిపోయేది. కొందరి పద్ధతిలో ఈ బటను కొడితే అది దేన్నీ తెంచదు! ఒక రెసిస్టరు గుండా కావాలనే కొంచెం కరెంటుని ఎర్తులోకి వదులుతుంది. లీకేజీని కనిపెట్టే జీఎఫ్‌సీఐ బ్రేకరు దాన్ని చూసి అదిరిపడి మొత్తం సప్లై కోసేస్తుంది. కుక్క మొరగాలని మన ఇంట్లో మనమే దొంగలా గోడ దూకినట్టుంది. తెలివైన పనే, కాదనను. కానీ ఆ కుక్క ఆ రోజు నిద్రపోతే? ఆ బ్రేకరు మీద టెస్ట్ బటనుంది, నెలకోసారి నొక్కి చూడమని దాని మీదే రాసుంది. మీ ఇంట్లో ఉన్నదాన్ని ఎప్పుడు నొక్కారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆ బ్రేకరు విషయంలో మాత్రం మా రోజులే గొప్పవని నేను చెప్పలేను. ఇది 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. మన ఇళ్లలో ఇప్పుడు పెడుతున్నవి 30 మిల్లీ ఆంపియర్లవి. మా కాలంలో చాలాచోట్ల అదీ లేదు. గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ ప్లేటు పాతి, ఎండాకాలం దాంట్లో బకెట్టు నీళ్లు పోసి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లం. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉన్న ఫ్యాక్టరీల్లో పనికి పోయి ఇంటికి రానివాళ్లు నాకు తెలుసు. ఇక్కడ హాట్ టబ్బుల కోసం అమ్మే 50 ఆంపియర్ల స్పా ప్యానెల్ తెచ్చి, గోడలోని 30 ఆంపియర్ల బ్రేకరు తర్వాత దాన్ని తగిలిస్తున్నారు. ఓవర్‌లోడు సంగతి గోడ బ్రేకరు చూసుకుంటుంది, షాకు సంగతి ఇది చూసుకుంటుంది. విడిగా 30 ఆంపియర్లది కొనడం కంటే ఇదే చౌకట. కొత్తకాలం వాళ్లు చేసిన మంచి పనుల్లో ఇది ఒకటి. రెండోది ఆ డ్రిల్ బిట్టు.

సప్లై ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదానికీ ఒక పోట్లాట అయింది. గ్యారేజీ గోడకి బట్టలారబెట్టే మెషీను సాకెట్టు పాతది ఉంది, మూడు కన్నాలది. రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఎర్తు లేదు. న్యూట్రల్నే బాడీకి కట్టుకొమ్మని వదిలేసిన కాలం నాటిది. 1996 నుంచి కొత్తగా పెట్టే సర్క్యూట్లకి నాలుగు తీగలుండాలన్నారు, పాతవి పాతగానే ఉండిపోయాయి. "ప్లగ్గు సరిపోతుంది కదంకుల్" అన్నాడు విజయవాడ కుర్రాడు. ప్లగ్గు సరిపోతుంది నాయనా, స్టీలు కాగుకి ఎర్తు ఎవరిస్తారు? లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించి నాలుగు తీగల లైను కొత్తగా లాగించాం. అతను తీసుకున్న డబ్బు రూపాయల్లోకి మార్చి చెబితే మా ఆవిడ ఆ పూట భోజనం చెయ్యలేదు. కానీ అతను పని మొదలుపెట్టే ముందు బ్రేకరు దించి, దానికి చిన్న తాళం వేసి, తాళంచెవి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మా అబ్బాయి నా వైపు చూశాడు. నేను ఎటో చూశాను.

కనెక్షన్లన్నీ అయ్యాక వాళ్లు స్విచ్చి వెయ్యబోతుంటే ఆపాను. సప్లై ఇవ్వకముందే చూడాల్సినవి ఉంటాయి. హీటరు రెండు కొసల మధ్య పదిన్నర ఓములు రావాలి, 240ని 240తో హెచ్చించి 5500తో భాగిస్తే వచ్చేది అదే. నేను నోటితో చెప్పేశాను, కుర్రాడు ఫోను తీసి సరిచూశాడు. హీటరుకీ కాగుకీ మధ్య మెగ్గరు పెట్టాలి. ఇంట్లో మెగ్గరు లేదు. "మల్టీమీటరు ఇన్ఫినిటీ అంటోంది కదా" అన్నారు. మల్టీమీటరు తొమ్మిది వోల్టుల బ్యాటరీతో అడుగుతుంది, మెగ్గరు 500 వోల్టులతో గద్దిస్తుంది. గద్దిస్తేనే నిజం బయటికొస్తుంది. అదీ ఆర్డరు పెట్టారు. ఈ దేశంలో ఏదన్నా నేర్పాలంటే ముందు దాన్ని ఆర్డరు పెట్టాలి. ప్రతి స్క్రూ మళ్లీ బిగించమన్నాను. తీగ పట్టుకుని లాగి చూడమన్నాను. లాగితే రెండు లగ్గులు చేతికి వచ్చేశాయి. క్రింపింగు టూలుకి బదులు కటింగ్ ప్లయరుతో నొక్కారు. ఆ ఊడిన తీగల్ని ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి లోపలికి పోయాను.

ఆఖరికి మామూలు నీళ్లతో నడిపి చూశాం. 67 నుంచి మరగడానికి ఇరవై ఆరు లీటర్లకి పన్నెండు నిమిషాలు పట్టింది. పక్కింటాయన వాచీ చూసుకుని తల ఊపాడు, తన ప్రొపేను మీద అరగంటకి తక్కువయ్యేది కాదట. ఆవిరికి మాత్రం పైకప్పు నిండా చెమట పట్టింది. ప్యానెల్ కాగు నెత్తిన కట్టకురా, పక్క గోడకి కట్టు అని నేను మొదట్లోనే ఎందుకు అన్నానో అప్పుడు తెలిసింది వాళ్లకి. ఇక ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి ఆర్డరు పెట్టారు. ఆపినప్పుడు కాంటాక్టరు ఠక్కుమంది. గ్యారేజీ అవతల వంటింట్లో ఉన్న మా ఆవిడకి కూడా వినబడింది, "ఏం విరిగిందిరా?" అని కేకేసింది.

పోయిన వారం మళ్లీ మొదలు. వైఫై ఉన్న కంట్రోలరు తెచ్చాడు. ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చేసరికి నీళ్లు వేడెక్కి ఉంటాయట. పొద్దున కాగులో నీళ్లు పోసి వెళ్తాడట.

"పోశావో మర్చిపోయావో నీ ఫోనుకి తెలుస్తుందా?" అన్నాను.

"ఫ్లోట్ స్విచ్చి పెడతాను నాన్నా. నీళ్లు లేకపోతే ఫోన్లో మెసేజి వస్తుంది."

మెసేజి వస్తుంది! హీటరు కాలిపోతోందని వీడికి ఉత్తరం రాస్తుందన్నమాట, వీడు మీటింగు అయ్యాక తీరిగ్గా చదువుకుంటాడు. కాంటాక్టరు కాయిల్ 24 వోల్టులదే వేయించాను కాబట్టి నీళ్లలో మునిగే స్విచ్చితో భయం లేదు. ఆ ఫ్లోట్ స్విచ్చి తీగ తిన్నగా కాయిల్ సర్క్యూట్లో సిరీస్‌గా వెయ్యి, నీళ్లు లేకపోతే కాంటాక్టరే పైకి లేవకూడదు, తీగలకి 23, 24 అని నంబర్లు తొడిగి తలుపులోని డ్రాయింగులో కూడా గియ్యి, ఆ తర్వాత నీ ఫోనుకి ఎన్ని మెసేజిలు పంపించుకుంటావో పంపించుకో అని చెప్పాను.